నెత్తికో సలహా

ఇంకొక్కరు నా ముందర మెంతుల పేరెత్తితే ఆ మెంతులు వాళ్ల నెత్తి మీదే నూరేటట్టున్నాను. అంగట్లో కొత్తిమీర అమ్మే ఆమె చిల్లర లెక్కపెట్టుకుంటూనే "గట్లెందుకైనయక్కా ఎంటికలు? మెంతులు నానబెట్టి పెట్టుండ్రి" అంటుంది. బస్సులో పక్క సీటామె టికెట్ తీసుకోకముందే కోడిగుడ్డు దగ్గరికొస్తుంది. జాకెట్ కొలతలిద్దామని పోతే టైలరమ్మ టేపు పక్కన పడేసి, వెనకనుంచి నా జడ పట్టుకుని చూసి, కలబంద అని తీర్పు చెప్పింది. నాకు జ్వరమొచ్చిన రోజు "దవాఖానకు పోరాదు" అని తప్పించుకున్నవాళ్లే వీళ్లంతా. జుట్టు సంగతొచ్చేసరికి నారాయణఖేడ్‌లో ప్రతి ఒక్కరికీ ప్రాక్టీసుంది.

నా జుట్టు కొబ్బరి పీచులాగే ఉంది, కాదనను. దువ్వెన పెడితే సగం దారిలో ఆగిపోతుంది. నూనె రాస్తే జిడ్డు, రాయకపోతే గడ్డి. కానీ వీళ్లు చెప్పినవేవీ చేయలేదనుకోకండి. అన్నీ చేశాను. మెంతుల ముద్ద పెట్టాను. ఎంత కడిగినా వాసన పోక, ఆటోలో ఎదురుగా కూర్చున్న ముసలాయన "ఊరగాయ పట్టుకపోతున్నవా బిడ్డా?" అని ఆశగా అడిగాడు. పెరుగు పెడితే జలుబు చేసింది. అరటిపండు మెదిపి పెడితే అది జుట్టునొదిలి రానంది. కోడిగుడ్డుదైతే ఇంకో కథ. చలికాలం కదా అని వేడినీళ్లు కుమ్మరించుకున్నాను. అరవై డిగ్రీలు దాటితే గుడ్డు ఊరుకుంటుందా, నెత్తి మీదే ఉడికింది. అదే సమయానికి మా ఆయన "ఇయ్యాల కూరేంది?" అని కేకేశాడు. చెప్పలేకపోయాను.

తీరా చదివితే తెలిసిందేమిటంటే, గుడ్డులోని ప్రొటీను వెంట్రుక లోపలికి దూరలేనంత పెద్దది. పైన పూత పూసి కడిగినప్పుడు పోవడమే దాని పని. అసలు బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణమే లేదు. అదంతా కెరటిన్, ప్రాణమున్నది కుదుట్లోనే. పైన పెంకుల్లా కప్పుకున్న పొలుసులు అణిగి ఉంటే వెలుగు తిరిగొచ్చి నిగనిగమంటుంది. లేచి నిలబడితే కళ పోతుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందట. ఆ లెక్కన నడుం దాకా ఉన్న జడ కొస ఐదెండాకాలాలు చూసి ఉంటుంది. దాన్నిప్పుడు పెరుగుతో మెత్తబరుస్తామంటే అదెందుకు వింటుంది?

కొబ్బరినూనెను మాత్రం తీసిపారేయలేం. 2003లో రేలే, మొహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ వెంట్రుకల మీద పెట్టి చూశారు. కడిగినప్పుడు, దువ్వినప్పుడు పోయే ప్రొటీను తగ్గింది కొబ్బరినూనెతోనే. దాంట్లోని లారిక్ ఆసిడ్ వెంట్రుక లోపలికి ఇంకుతుంది. అంటే తలంటుకు ముందు నూనె పెట్టుకోవాలన్న మా అత్తమ్మ మాట నిజమే. ఈ సంగతి ఆమెకు చెప్పదలచుకోలేదు.

ఇంతకూ ఈ పీచుకు వెలకట్టే మనిషొకడున్నాడు. బండి మీదొస్తాడు. వెనక తట్టలో స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ టబ్బులు, ముందర చిన్న స్పీకరు. "ఎంటికలూ... ఎంటికలకు గిన్నెలూ..." అని వాడకట్టంతా మోగుతుంది. దువ్వినప్పుడు రాలినవి వేలికి చుట్టి, ఉండ చేసి, గూట్లో కవరులో దాచడం మా ఇంట్లో ఆనవాయితీ. నా కవరు బాగానే ఉబ్బింది. మూతున్న గిన్నె ఒకటి వస్తుందని మనసులో అనుకున్నాను. అతను ఉండ విప్పాడు. ఒక పోగు లాగి, ఎండకు పట్టి, కళ్లు చికిలించి, బొటనవేలితో నలిపి చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అంత పరీక్షగా చూడలేదు.

"దీంట్ల జీవం లేదక్కా" అన్నాడు.

"రాలిన ఎంటికల జీవమెక్కడుంటదయ్యా?"

"గట్ల గాదు. మెరుపు లేదు. ఇరిగిపోతున్నయి." చిన్న కాంటా మీద పెట్టి, తల అడ్డంగా ఊపి, చివరికి నా చేతిలో ఒక చాయ్ జాలీ పెట్టాడు. పక్కింటి కోడలికి నా కవరులో సగం కూడా లేని ఉండకు మూతున్న గిన్నె. ఆ జాలీ పిడి తెల్లారేసరికి ఊడింది.

నాకు కడుపు మండి ఈ వెంట్రుకల వ్యాపారమేమిటో కనుక్కున్నాను. మన చిక్కు ఉండలు ఊరూరా కూడబెట్టి విప్పించి, పొడవులవారీగా వేరుచేసి దేశాలు దాటిస్తారు. చిక్కు ఉండల్లో కుదురూ కొసా కలగాపులగమై పొలుసులు ఎదురెదురు పడతాయి కనుక వాటికి ధర తక్కువ. తిరుమల కల్యాణకట్ట వెంట్రుకల మర్యాదే వేరు. టీటీడీ వాటిని పొడవును బట్టి తరగతులు చేసి ఈ-వేలంలో అమ్ముతుంది. 31 అంగుళాలు దాటితే మొదటి తరగతి. తెల్ల వెంట్రుకలకు కూడా విడిగా ఒక తరగతుందంటే చూడండి, నెరిసిన తలకున్న హోదా నా నల్లతలకు లేదు. ఏలూరులో దీని మీదే బతికే కార్ఖానాలున్నాయి. అక్కణ్నుంచి విగ్గులై ఎక్కడెక్కడికో పోతాయి. 2004లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో కొందరు యూదు స్త్రీలు తమ విగ్గులను వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. అవి ఇంకో మతపు దేవుడికిచ్చిన మొక్కుబడి వెంట్రుకలు కావచ్చు కనుక పెట్టుకోకూడదని జెరూసలేం రబ్బీ ఒకాయన తీర్పిచ్చాడు మరి. మన వేంకటేశ్వరుడికి ఇచ్చిన తలనీలాలు బ్రూక్లిన్‌లో మంటలు రేపాయి, అంతర్జాతీయ వార్తలయ్యాయి. నావి పిడి ఊడిన చాయ్ జాలీ అయ్యాయి. మొన్న ఆ బండి మళ్లీ వచ్చినప్పుడు తలుపేసుకుని లోపలే ఉన్నాను.

ఎక్కడికో పోయాను. అసలు దొంగ మెంతుల్లో లేదు, బకెట్లో ఉంది.

మా బాత్రూంలో నీళ్లు కాచే హీటర్ కడ్డీని ఒకసారి చూడండి. కొన్నప్పుడు మిలమిలలాడిన చుట్టలు ఇప్పుడు తెల్లగా, గరుగ్గా, సున్నం పూసినట్టుంటాయి. చెంచా కాడతో తడితే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. నల్లా నీళ్లు తాగనీకి, వంటకు. నెత్తికి బోరు నీళ్లే. వాటిలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. సబ్బు పెడితే నురగ రాదు, తెట్టె కడుతుంది. కడ్డీకి పట్టేదే తలకూ పడుతుంది. తలను చెంచాతో గీకలేం కదా. కుంకుడుకాయ కొంత నయం, దాని నురగ ఈ నీళ్లకు సబ్బంత లొంగదు. ఆఖరి చెంబులో నిమ్మకాయ పిండుకుంటే పులుపుకు ఆ పూత కొంత విడుస్తుంది, పొలుసులు కాస్త అణుగుతాయి. ఇన్నాళ్లలో ఫలితం కనిపించింది ఈ రెంటితోనే. ఇవి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ ఏం పూయాలో చెప్పేవాళ్లే, దేంతో కడగాలో ఎవరికీ పట్టదు. మెంతుల ముద్ద పోవాలంటే ఎన్ని బకెట్లు పడతాయో ఆ కొత్తిమీర ఆమెకు తెలియదా?

లింగంపల్లిలో మా వదిన ఉంది. ఆమె జుట్టు మీద ఈగ కూడా నిలవదు, జారిపోతుంది. ఫోన్ చేసినప్పుడల్లా "నువ్వు శ్రద్ధ తీసుకుంటలేవు" అంటుంది. ఆమె శ్రద్ధ ఎక్కడ్నుంచి వస్తుందో నాకు తెలుసు. బీదర్ దిక్కునుంచి వచ్చే మంజీర మా ప్రాంతాన్ని ఒరుసుకునే పోతుంది. పోయి 1965 నుంచి హైదరాబాదు దాహం తీరుస్తోంది. తర్వాత సింగూరు కూడా తోడైంది. ఆ గొట్టాలు లింగంపల్లి మీదుగానే పోతాయి. మా ఏటి నీళ్లు వదిన నెత్తికి, వదిన సలహాలు నా నెత్తికి.

నవ్వులాటకు అంటున్నాను గానీ, 2019 ఆగస్టులో వచ్చిన ఒక వార్త మాత్రం ఇప్పటికీ నవ్వనివ్వదు. మెదక్‌లో ఒక గురుకుల పాఠశాలలో నీళ్లు చాలడం లేదని వందమందికి పైగా ఆడపిల్లల జుట్టు కత్తిరించేశారు. తల్లిదండ్రులు బడి ముందరికొచ్చి గొడవ చేశారు. 2016 దాకా మాదీ మెదక్ జిల్లానే. పల్లెల్లో తల్లులు రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, కొబ్బరినూనె సీసా పెట్టెలో సర్ది పంపిన పిల్లలు వాళ్లు. సెలవులకొచ్చిన పిల్ల తలను ముందు ఏ తల్లి తడిమి ఉంటుందో అనిపిస్తుంది. వాళ్ల జుట్టు పొడిబారిందనీ, కళ తప్పిందనీ ఎవరూ అనలేదు. నీళ్లు లేవన్నారు, అంతే. నాకు సలహాలిచ్చే నోళ్లలో ఒక్కటైనా ఆనాడు వాళ్లకు మెంతులు చెప్పిందా?

మా ఆయనకు ఇదంతా చెబితే, పేపరు దించకుండానే "అయితే కట్ చేయించుకోరాదు, నీళ్లు మిగుల్తయి" అన్నాడు. ఆయనకు నెత్తి మీద మిగిలినవాటికి చెంబెడు నీళ్లే ఎక్కువ. మాట్లాడే హక్కు లేదు.

వచ్చే వారం వదినవాళ్లింట్లో వ్రతముంది. ముందురోజే రమ్మంది, పని చేయించుకోవడానికని నాకు తెలుసు. సరేనన్నాను. గింజలు తీసిన కుంకుడుకాయలు మూట కట్టుకున్నాను, కొబ్బరినూనె బస్సెక్కకముందే పెట్టుకుంటాను. దిగగానే తిన్నగా వాళ్ల బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంటాను. ట్యాంకు ఖాళీ అయిందని వదిన తలుపు కొడితే కొట్టనీ. అవి మా నీళ్లే.