ముందు తిప్పలు, తర్వాతే పేరు

ఏం చదువుతున్నవు బిడ్డా? డిజైన్ ప్యాటర్న్సా? ఇరవై మూడుకు ఇరవై మూడూ నోటికొచ్చునా? శాబాష్. సింగిల్టన్ అంటే ఏందని అడిగితే ఆగకుంట ఒప్పజెప్తవు. అది నీకు యాడ అక్కర పడ్డదిరా అంటే మాత్రం ‘ఇంటర్వ్యూల అడుగుతరు’ అంటవు. మా రోజులల్ల ముందు తిప్పలు వచ్చేటియి, ఆ వెనుక ప్యాటర్న్ వచ్చేది. మీకు పేరే ముందొస్తది. తిప్పలు వచ్చినా గుర్తుపట్టరు.

అప్పట్ల కరీంనగర్‌ల కంప్యూటర్ గదిలకు పోవాలంటే చెప్పులు బయట విడువాలె. లోపల నీలం తెర మీద టర్బో సీ ప్లస్ ప్లస్. కరెంటు ఎప్పుడు పోతదో, రాసిందంత ఎప్పుడు మాయమైతదో తెల్వదు. అందుకే మొదలు కాయితం మీద గీసుకునేటోళ్లం: ఏ క్లాసు ఏ పని చెయ్యాలె, ఎవరు ఎవరిని పిలువాలె అని. కరెంటు కోతలే మాకు డిజైన్ నేర్పినయంటే మా ఇంటామె నవ్వుతది. నవ్వనియ్యి. మీకు కరెంటూ పోదు, ఆలోచనా రాదు.

ఇగ ఆ ఇరవై మూడు ప్యాటర్న్‌లున్న పుస్తకం ముచ్చట. ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ కలిసి రాసింది, 1994 ఆఖర్ల వచ్చింది. లోకం ఈ నలుగురిని ‘గ్యాంగ్ ఆఫ్ ఫోర్’ అన్నది. మన దగ్గర యాడ దొరుకుతది? ఎర్రబస్సెక్కి సిద్దిపేట మీదికెళ్లి హైదరాబాద్ పోయి, అమీర్‌పేటల ఎవరిదో జిరాక్స్ కాపీకి మళ్ల జిరాక్స్ తీయించుకొచ్చిన. సిద్దిపేటల బస్సు ఆగితే మిర్చి బజ్జీలు, వాటి మీద సన్నగ కోసిన ఉల్లిగడ్డ... ఇప్పుడు రాజీవ్ రహదారి పొడుగూత ఏసీ హోటళ్లే గని, ఆ మిర్చి ఏది? ఆఁ, పుస్తకం. జిరాక్సుల బొమ్మలన్ని నల్లగ అలుక్కపోయినయి గనుక గతిలేక అక్షరాలు చదివినం. ఒక్కో ప్యాటర్న్ కింద అది ఎందుకు పుట్టింది, ఎప్పుడు పనికొస్తది, వాడితే ఏం లాభం, ఏం నష్టం అని వరుసగ ఉంటది. మీరు బొమ్మ చూసి నష్టం పేజీ దాటేస్తరు.

ఆదిలాబాద్‌ల ఒక జిన్నింగ్ మిల్లుకు తూకం, పైసల చీటీ, అదే తక్‌పట్టీ రాసే ప్రోగ్రాం చేసిన. పత్తి అంటే తూకం ఒక్కటే గాదు, తేమ. సీసీఐ, అదే భారత పత్తి సంస్థ, లెక్కల తేమ 8 శాతం దాకా పూర్తి ధర, 12 దాకా కోత, ఆ పైన కొననే కొనదు. అడ్తిదారుల తరుగు లెక్క వేరే, సేటు లెక్క ఇంకా వేరే. సీజన్ మారంగనే ‘గిది జర మార్చు’ అంటడు. ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఇంకో ఇఫ్. ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకోటి కూలేది. అప్పుడు చదివిన స్ట్రాటెజీ ప్యాటర్న్. ఒక్కో కోత లెక్కకు ఒక్కో క్లాసు. అన్నిట్ల ఒకే పేరు మీద ఒక ఫంక్షన్. తక్‌పట్టీకి లోపలి లెక్కతోని పనిలేదు, ‘కోత ఎంత?’ అని అడిగితే చాలు. కొత్త లెక్కొస్తే కొత్త క్లాసు, పాతదాన్ని ముట్టేదే లేదు. ఇగ ఆ పేరు జన్మల మరుస్తనా? నువ్వేమో రెండంకెలు కూడనీకి ఫ్యాక్టరీ పెట్టి, దానికి సింగిల్టన్ కాపలా పెడ్తవు.

అసలు ఈ ప్యాటర్న్ అనేది కంప్యూటరోళ్లది గాదు. క్రిస్టఫర్ అలెగ్జాండర్ అని ఇండ్లు కట్టే ఆర్కిటెక్ట్. ఆయన, ఆయన తోటోళ్లు 1977ల 253 ప్యాటర్న్‌లతోని పుస్తకం తెచ్చిన్రు. కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ 1987ల ఆ పద్ధతిని ప్రోగ్రామింగ్ భాష స్మాల్‌టాక్‌కు తెచ్చిన్రు. ప్రతి అర్రకు రెండు దిక్కుల నుంచి వెలుగు రావాలె అన్నది ఆ 253ల ఒకటి. మా జగిత్యాల ఇంట్ల నడిమి వాకిట్లకు పొద్దు నేరుగ దిగేది. మీ అపార్ట్‌మెంట్లల్ల పట్టపగలు లైటు వెయ్యాలె. వాన పడితే ఆ వాకిట్ల నీళ్లు ఎత్తిపోసింది నేనే అనుకో, అది వేరే ముచ్చట.

మా తమ్ముని కొడుకు బాసర ట్రిపుల్ ఐటీల చదివిండు. 2020ల తెరిచిన మన కరీంనగర్ ఐటీ టవర్‌ల చల్లగ కూసొని నాకు పాఠం చెప్తడు. ‘పెద్దబాపూ, ఆ 23ల 16 ప్యాటర్న్‌లు లిస్ప్, డిలన్ అసొంటి భాషలల్ల అల్కగైతయి, కొన్నైతే కనబడనే కనబడయని పీటర్ నార్విగ్ అనే కంప్యూటర్ పండితుడు 1996లనే చెప్పిండు’ అంటడు. 1999ల ప్రోగ్రామింగోళ్ల ఊప్స్‌లా సభల ఉత్తుత్తి కోర్టు పెట్టి ఆ నలుగురికి నేరం అంటగట్టిన్రట, వాళ్లు కూడ ఒప్పుకొనే నిలబడ్డరట. సింగిల్టన్‌ను తీసేస్తే మంచిదని 2009ల గామానే అన్నడట. అంటే మా రోజులు బాగలేవని మా రోజులల్లనే అన్నరన్నట్టు! నా కోత క్లాసులను వాడు జావా లాంబ్డాలతోని ఒక్కో లైనుకు దించిండు. నడుస్తున్నది కూడ. అదే కోపం.

అయినా వానికి ఒక్క మాట చెప్పిన, నీకూ అదే చెప్తున్న. పత్తి కొనుడు మొదలుగాంగనే సేటు మళ్ల లెక్క మారుస్తడు. పోయి ఆ ప్రోగ్రాం ముందట కూసో. ఏ ప్యాటర్నో నాకు చెప్పకు, యాడ ఇరుకుతున్నదో చెప్పు. పేర్లదేమున్నది, అన్ని నాకు తెలుసు. ఆ ఫ్లైవెయిట్ ప్యాటర్న్ ఏం చేస్తదో మాత్రం ఇప్పటికీ జిరాక్స్ తీసి చూడాలె.