అమ్మమ్మ ఆన్ డ్యూటీ

ఒకప్పుడు పురిటికి కూతురు పుట్టింటికి వచ్చేది. ఇప్పుడు పుట్టిల్లే రెండు పెట్టెల్లో సర్దుకుని డాలస్‌లో దిగుతోంది. ఒక్కో పెట్టె 23 కిలోలు. ఇంగువ, వాము, కారప్పొడి, సున్నిపిండి పోగా అమ్మమ్మ చీరలకు మిగిలేది రెండు కిలోలు. కొక్కేనికి వేలాడదీసి తూచినప్పుడు అరకిలో ఎక్కువొస్తే బయటికి వచ్చేది చీరే, ఆవకాయ కాదు.

శంషాబాద్‌లో, నిన్నటిదాకా గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసిన అమ్మమ్మ చక్రాల కుర్చీలో కూర్చుంటుంది. కాళ్ల నొప్పికి కాదు, ఇంగ్లీషు నొప్పికి. డాలస్‌లో ఇమిగ్రేషన్ అధికారి ఎందుకొచ్చావంటే "విజిట్" అనాలని అల్లుడు పదిసార్లు వల్లె వేయించాడు. అబద్ధమేం కాదు. బీ-2 వీసా మీద ఉద్యోగం చేయకూడదు. తెల్లారుజామున మూడింటికి పాలు పట్టడం, నలుగురికి వంట, డైపర్లు... వీటికి జీతం లేదుగా, ఇక ఉద్యోగమెలా అవుతుంది?

మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ గడువు తీరే వారానికి నానమ్మ దిగుతుంది. వియ్యపురాళ్లు ఎయిర్‌పోర్టులోనే చార్జి అప్పగించుకుంటారు: "ఉగ్గు పెట్టకండి వదినగారూ, గూగుల్ వద్దందట!"

కథలా? అవి ట్యాబ్ చెబుతుంది. దాన్ని చార్జింగ్‌కి పెట్టడం అమ్మమ్మ వంతు.

ఇక్కడ తాతయ్య వీడియో కాల్‌లో, పప్పుకి ఎన్ని విజిల్స్ రానివ్వాలని అడుగుతున్నాడు.