మా ఇంటి లక్ష్మణుడు

లక్ష్మణస్వామి పద్నాలుగేళ్లు కునుకు తీయలేదని, ఆయన వాటా నిద్ర కూడా ఊర్మిళాదేవే పోయిందని మా అమ్మమ్మ చెప్పేది. మావాడికి ఇప్పుడు పదహారేళ్లు. వాడూ నిద్రపోడు. వాడి వాటా ఎవరు పోతున్నారన్నదే నాకు అంతుబట్టడం లేదు.

రాత్రి ఒంటిగంటకు మంచినీళ్ల కోసం లేస్తానా, వాడి దుప్పటి వినాయకచవితి పందిరిలా లోపల్నుంచి నీలంగా వెలుగుతుంటుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే దీపం ఆరిపోతుంది, గురక మొదలవుతుంది. ఆ గురకకు నంది అవార్డు ఇచ్చినా తక్కువే. నుదురు చల్లగానే ఉంటుంది. దిండు కింద చెయ్యి పెడితే తెలుస్తుంది జ్వరం ఎవరికో. వాళ్లమ్మ ఫోను కాలిపోతుంటుంది.

"ఏంట్రా ఇది?"

"అలారం పెట్టుకుంటున్నా నాన్నా."

రెండు గంటలుగా పెడుతున్నాడు పాపం.

ఈ వయసులో ఒంట్లో గడియారమే వెనక్కి జరుగుతుందట. నిద్రకు వేళయిందని చెప్పే మెలటోనిన్ పెద్దవాళ్లకంటే ఆలస్యంగా ఊరుతుంది. ఆపైన ముక్కుకు ఆనించుకున్న తెర, ఇంకా పొద్దు గుంకలేదని మెదడుకు అబద్ధం చెబుతుంది. 13 నుంచి 18 ఏళ్లవాళ్లు రోజుకు 8 నుంచి 10 గంటలు పడుకోవాలని అమెరికా నిద్రవైద్యుల సంఘం అంటోంది. ఈ లెక్క మావాడి కాలేజీలో చెబితే నవ్విపోతారు. ఎంపీసీ అంటే మాటలా? ఐదుంపావుకు సందు చివర బస్సు, ఆరింటికి స్టడీ అవర్, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. పదిన్నరకు గ్రూపులో పీడీఎఫ్ పడుతుంది: రేపటి టెస్టు సిలబస్. కాలేజీలో ఫోను నిషేధం. సిలబస్ మాత్రం ఫోనులోనే. ఇక నిద్ర బాకీ అంతా ఫస్ట్ పీరియడ్ ఫిజిక్స్‌లో వసూలవుతుంది. లెక్చరర్‌గారు లేపి నిలబెడితే నిలబడే పడుకుంటున్నాడని ఫిర్యాదు.

కాలిఫోర్నియాలో 2019లో ఒక చట్టం చేశారు. హైస్కూలు తరగతులు ఉదయం 8.30కు ముందు మొదలుపెట్టకూడదని, 2022 నుంచి అమలు (కొన్ని పల్లె బళ్లకు మినహాయింపు ఉందిలెండి). మనం మాత్రం పిల్లల్ని ఆ కాలిఫోర్నియా పంపడానికే ఇక్కడ తెల్లారుజామున లేపుతాం.

ఇక ఫోనులో జాగారం చేయించే కంపెనీలను అనడానికి లేదు, వాళ్లు ఏదీ దాచలేదు. తమ పోటీ నిద్రతోనేనని అప్పటి నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లోనే బాహాటంగా చెప్పాడు. దొంగ ముందుగా ఉత్తరం రాసి మరీ కన్నానికొస్తే, మనం తలుపు తీసి, నెలనెలా చందా కట్టి, "మావాడికే బుద్ధి లేదండీ" అని చుట్టాల దగ్గర వాపోతాం. సినిమాకు శుభం కార్డు ఉంది. ఏళ్లకేళ్లు సాగే టీవీ సీరియల్ కూడా ఓ అరగంటకు 'రేపు చూడండి' అని వదిలిపెడుతుంది. రీల్స్‌కి అదేం లేదు, పైకి తోస్తూ పోవడమే. మరిచిపోయి వదిలేసిన లోపమా అది? ఒక పక్క దుప్పట్లో పదహారేళ్ల కుర్రాడు ఒక్కడు. రెండో పక్క వాడి బొటనవేలు ఎక్కడ ఆగిందో లెక్కగట్టి జీతాలు తీసుకునే ఇంజనీర్ల దండు. వాళ్లలో మన స్టడీ అవర్లు తయారుచేసిన రత్నాలూ ఉండే ఉంటాయి.

నేనేమీ తక్కువ తినలేదు. ఆ మధ్య పదింటికి వాడికి గంటసేపు క్లాసు పీకి, మంచమెక్కి, ఫోను ఛాతీ మీద ఆనించుకుని 'సెల్‌ఫోను వెలుగుతో వచ్చే అనర్థాలు' వీడియో వేసుకున్నాను. అది అయ్యాక దాని కిందది, దాని కిందది. పన్నెండు దాటాక మా ఆవిడ అటు తిరిగే అంది: "ఆ సౌండు కాస్త తగ్గిస్తే పిల్లాడు పడుకుంటాడు."

మొన్న రాత్రి 11.52కు కాలేజీ గ్రూపులో మెసేజీ. 'డియర్ పేరెంట్స్, విద్యార్థులకు నిద్ర ఆవశ్యకతపై అవగాహన సదస్సు. రేపు ఉదయం 5.30కల్లా మీ పిల్లలను తప్పక పంపగలరు.' రెండు నిమిషాల్లో ముప్పైఆరు బొటనవేళ్లు పైకి లేచాయి. ముప్పైఏడోది నాది. ముప్పైఎనిమిదోది మా ఆవిడ నంబరు నుంచి వచ్చింది. ఆవిడేమో నా పక్కనే గాఢనిద్రలో ఉంది.