టూరిస్టు అని చెప్పేయ్, ఏ గొడవా ఉండదు

మొదటిసారి కంపెనీ పని మీద విదేశం వెళ్లేవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. టికెట్ బుక్ కాకముందే బావమరిది ఒకటి చెప్తాడు, ఆఫీసులో సీనియర్ ఒకటి చెప్తాడు, ఏజెంటు మూడు చెప్తాడు. అందరూ మన మేలు కోరేవాళ్లే. తీరా ఆ మాటలు నమ్మి వెళ్తే కౌంటర్ ముందు నిలబడి నీళ్లు నమలాల్సింది మాత్రం వాళ్లు కాదు. చిన్న ఎగుమతి సంస్థలకు ప్రయాణ కాగితాలు సిద్ధం చేసిపెట్టడం నా పని. ఈ సలహాలు అక్కడ రోజూ నా చెవిన పడుతుంటాయి. ఎందుకు వినకూడదో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువగా తిరిగేది, ఎక్కువ నష్టం చేసేది ఇది: "బిజినెస్ అంటే వంద ప్రశ్నలు వేస్తారన్నా, టూరిస్టు అని చెప్పేయ్, ఏ గొడవా ఉండదు." ఈ అబద్ధం ఆడితే మీకు మిగిలేది ఏమీ లేదు. యూరప్‌లోని షెంజెన్ దేశాలు పర్యాటకుడికైనా వ్యాపారికైనా ఇచ్చేది ఒకే రకం షార్ట్ స్టే వీసా. ఫీజూ ఒకటే, పెద్దవాళ్లకు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఫారం కూడా ఒకటే. ప్రయాణ ఉద్దేశం దగ్గర పెట్టే టిక్కు, జతచేసే కాగితాలు మారతాయి, అంతే. అమెరికా మనవాళ్లకు మామూలుగా ఇచ్చేది వ్యాపారానికి బీ-1, పర్యాటకానికి బీ-2, రెండూ కలిపిన వీసాయే. ఇక దేనికోసం అబద్ధం? చైనా అలా కాదు, అక్కడ పర్యాటకానికి ఎల్, వ్యాపారానికి ఎమ్, ఉద్యోగానికి జెడ్ అని వీసాలు వేరువేరు. గ్వాంగ్‌జౌలో ఏటా రెండుసార్లు జరిగే కాంటన్ ఫెయిర్‌కి సరుకు చూడ్డానికి వెళ్లేవాళ్లకు నిర్వాహకులే ఆహ్వాన పత్రం ఇస్తారు. అది పెట్టి ఎమ్ వీసా తీసుకోకుండా, తొందరగా వస్తుందని ఎల్ మీద వెళ్లడం చేతులారా తెచ్చుకునే చిక్కే.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించుకోండి. నోటితో పర్యాటకం అంటారు. పెట్టె తెరిస్తే విజిటింగ్ కార్డుల కట్ట, కంపెనీ బ్రోచర్లు, పంపు విడిభాగాల శాంపిళ్లు బయటపడతాయి. హోటల్ చూస్తే ఊరి బయట పారిశ్రామిక వాడలో ఉంటుంది. ఫోన్లో "రేపు పదింటికి ప్లాంటులో కలుద్దాం" అన్న మెసేజి ఉంటుంది. మీరు చేయబోయే పని నూటికి నూరుపాళ్లు చట్టబద్ధమే అయినా, ఆ క్షణం నుంచి మీరు అబద్ధం చెప్పిన మనిషి. వీసా కోసమో ప్రవేశం కోసమో ముఖ్యమైన విషయాన్ని కావాలని తప్పుగా చెప్తే అమెరికా చట్టం ప్రకారం శాశ్వత అనర్హత. మినహాయింపు అడుక్కోవచ్చు, కానీ జీవితాంతం అడుక్కుంటూనే ఉండాలి. ముప్పై ఏళ్ల కుర్రాడికి ఈ సలహా ఇచ్చి పంపేవాళ్లను చూస్తే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది.

రెండో సలహా కాస్త చదువుకున్న సలహా. "వర్క్ అనే మాట మాత్రం నోట్లోంచి రానీయకు. మీటింగ్ అను, డిస్కషన్ అను." దీని కథ కోర్టు కాగితాలదాకా వెళ్లింది. 2013 అక్టోబరులో ఇన్ఫోసిస్ సంస్థ అమెరికా ప్రభుత్వానికి 34 మిలియన్ డాలర్లు చెల్లించి ఒక వీసా కేసును రాజీ చేసుకుంది. బీ-1 మీద వచ్చే ఉద్యోగులకు ఇచ్చిన సూచనల్లో ఇంప్లిమెంటేషన్, డిజైన్, టెస్టింగ్ లాంటి పనిగా వినిపించే మాటలు ఎత్తొద్దని రాశారన్నది ప్రభుత్వం మోపిన ఆరోపణల్లో ఒకటి. మోసం చేశామని కంపెనీ ఒప్పుకోలేదు. ఎవరి వాదన ఎలా ఉన్నా, మాట దాచమని చెప్పే కాగితమే చివరికి సాక్ష్యంగా మారుతుందని అందరికీ తెలిసిపోయింది.

నిజానికి వ్యాపార సందర్శకుడికి చేయనిచ్చే పనులు తక్కువేమీ కావు. బీ-1 మీద వెళ్లి బేరం కుదుర్చుకోవచ్చు, ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చు, సమావేశాలకు వెళ్లొచ్చు, ఆర్డర్లు తీసుకోవచ్చు. అంతెందుకు, మీ కంపెనీ అమ్మిన యంత్రాన్ని అక్కడ బిగించడానికి, బాగుచేయడానికి, దాన్ని నడపడం వాళ్లకు నేర్పడానికి కూడా వెళ్లొచ్చు. అయితే ఆ సేవ చేసి తీరాలని అమ్మకం ఒప్పందంలోనే రాసి ఉండాలి, యంత్రం అమెరికా బయటి కంపెనీ దగ్గర కొన్నదై ఉండాలి, మీకు అక్కడి నుంచి జీతం రాకూడదు. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో యంత్రాలు తయారుచేసేవాళ్లు ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ క్లాజు పెట్టుకోవాలి. ఫిట్టర్ బయల్దేరే వారంలో గుర్తుకొస్తే లాభం లేదు.

ఇదే చోట ఇంకో మాట అంటారు: "జీతం ఇండియాలోనే పడుతోందిగా, ఇంకేం భయం?" జీతం ఇక్కడ పడటం ఒక షరతు మాత్రమే. క్లయింటు ఆఫీసులో వాళ్ల ఉద్యోగి పక్కన కూర్చుని రోజూ కోడ్ రాస్తుంటే డబ్బు బేగంపేట బ్రాంచిలో పడినా అది ఉద్యోగమే. 2025 సెప్టెంబరు 4న అమెరికాలోని జార్జియాలో హ్యుందాయ్, ఎల్‌జీ సంస్థల బ్యాటరీ ప్లాంటు నిర్మాణ స్థలం మీద అధికారులు దాడిచేసి 475 మందిని అదుపులోకి తీసుకున్నారు. అందులో 300 మందికి పైగా దక్షిణ కొరియా వాళ్లే. కొందరు వచ్చింది స్వల్పకాలిక అనుమతుల మీద. వాళ్లలో ఎవరికి ఏ పని చేసే హక్కు ఉందన్న దాని మీద తర్వాత రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకున్నాయి. అవి మాట్లాడుకునేలోపు మనుషులు వారం రోజులు నిర్బంధంలో గడిపారు. పెద్ద కంపెనీ, స్నేహ దేశం, అవసరమైన నైపుణ్యం, ఏవీ ఆ వారాన్ని ఆపలేకపోయాయి.

మీరు ఏ పనికి వెళ్తున్నారో ముందే తేల్చిచెప్పేది ఆహ్వాన పత్రం. దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అసలు ప్రాణం అక్కడే ఉంది. "ఏదో ఫార్మాలిటీ, గూగుల్లో ఉన్న నమూనా కాపీ కొట్టి పంపమను" అంటారు. అలా వచ్చిన ఉత్తరంలో "పరస్పర ప్రయోజనకరమైన వ్యాపార చర్చల నిమిత్తం" అని ఉంటుంది. చదివిన అధికారికి ఏమీ అర్థం కాదు. అర్థం కానిది అనుమానం అవుతుంది. మంచి ఉత్తరం ఎలా ఉంటుందంటే: ఫలానా వ్యక్తి, ఫలానా పాస్‌పోర్టు నంబరు, మా దగ్గర టాబ్లెట్ ప్యాకింగ్ యంత్రం కొనబోతున్నారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు స్టట్‌గార్ట్ దగ్గరున్న మా ఫ్యాక్టరీలో అది నడిచే తీరు పరీక్షించి చూసుకుంటారు. హోటల్ ఖర్చు మాది, విమానం ఖర్చు వాళ్ల కంపెనీది. కింద సంతకం, ఆ సంతకం పెట్టినాయన హోదా, ఎత్తితే పలికే ఫోన్ నంబరు. ఇదే సంగతి మీ కంపెనీ ఇచ్చే లేఖలోనూ ఉండాలి, తేదీలు కూడా కలవాలి. ఒక దాంట్లో 12 రోజులు, ఇంకో దాంట్లో 20 రోజులు ఉంటే మిగతా ఎనిమిది రోజులు ఎక్కడుంటారని అడుగుతారు. అడగాలి కూడా. చివర్లో రెండు రోజులు పారిస్ చూసి వద్దామనుకుంటే ఆ సంగతీ రాసేయండి. అది నేరం కాదు.

ఈ ఉత్తరం మీరు చదవాలి. నవ్వకండి, చాలామంది చదవరు. ఫైల్లో పెట్టుకుని తీసుకెళ్తారు. కౌంటర్లో "ఎందుకొచ్చారు?" అంటే ఉత్తరంలో ఉన్నదే మీ మాటల్లో ఒక వాక్యంలో రావాలి: "మేం కొంటున్న ప్యాకింగ్ మెషిన్ పరీక్షించడానికి, పది రోజులు." ఇంగ్లిషు తడబడినా పర్వాలేదు.

బ్యాంకు స్టేట్‌మెంట్ విషయంలో మన దగ్గర ఒక ఆచారమే ఉంది. "అప్పు తెచ్చి ఐదు లక్షలు అకౌంట్లో వేయి, వీసా రాగానే తిరిగిచ్చేయ్." వీసా అధికారులు చూసేది ఆఖరి నిల్వ ఒక్కటే కాదు, నెలల తరబడి డబ్బు వచ్చిన తీరు, పోయిన తీరు. నలభై వేల జీతం పడే ఖాతాలో దరఖాస్తుకు ముందు వారం ఒకేసారి ఐదు లక్షలు పడితే అది డబ్బున్నట్టు కాదు, డబ్బు లేనట్టు సాక్ష్యం. కంపెనీ ఖర్చు భరిస్తోంటే ఆ మాట రాసిన లేఖ, కంపెనీ లెక్కలు పెట్టండి. ఉన్న నలభై వేలు ఉన్నట్టే చూపించండి.

షెంజెన్ దగ్గర ఏజెంట్ల మాట: "జర్మనీ స్లాట్లు లేవు సార్, ఇంకో దేశంలో వేద్దాం, లోపలికెళ్లాక ఎక్కడైనా తిరగొచ్చు." తిరగొచ్చు, నిజమే. కానీ దరఖాస్తు పెట్టాల్సింది మీ ముఖ్యమైన పని ఉన్న దేశంలో, అది తేలకపోతే ఎక్కువ రోజులుండే దేశంలో. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశంలో. స్లాట్లు దొరకవనే భయం ఉంటే ప్రయాణానికి ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టొచ్చు, ఆ వెసులుబాటు వాడుకోండి. ఇక 90 రోజుల లెక్క. "ఒకసారి బయటికొచ్చి మళ్లీ వెళ్తే కొత్తగా 90 మొదలవుతుంది" అని ధీమాగా చెప్తారు. మొదలవదు. మీరు అక్కడ ఉన్న ఏ రోజు నుంచైనా వెనక్కి 180 రోజులు లెక్కేస్తే అందులో 90కి మించకూడదు, వచ్చిన రోజూ వెళ్లిన రోజూ కలిపి. స్టాంపులు మసకగా పడ్డాయని లెక్క తప్పించుకునే కాలం కూడా పోయింది. 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకల్ని కంప్యూటర్లో నమోదుచేసే ఈఈఎస్ పద్ధతి దశలవారీగా మొదలైంది. నిజాయితీగా వెళ్లొచ్చేవాళ్లకు ప్రతిఫలం కూడా ఉంది. 2024 ఏప్రిల్ నుంచి మన దేశస్థులకున్న నియమం ప్రకారం, మూడేళ్లలో రెండు వీసాలు సక్రమంగా వాడినవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత మామూలుగా ఐదేళ్లది ఇస్తారు. పాస్‌పోర్టు గడువు మాత్రం అంత మిగిలుండాలి.

అమెరికా వీసా మీద పదేళ్ల తేదీ చూసి "ఎన్నాళ్లైనా ఉండొచ్చు" అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారంటే బాధేస్తుంది. ఆ తేదీ తలుపు తట్టడానికి. ఎన్నాళ్లుండాలో చెప్పేది ఐ-94 రికార్డు, అది లోపలికి పంపే అధికారి నిర్ణయం. దిగిన రోజే ఆన్‌లైన్లో తీసి చూసుకోండి. ఆ గడువు దాటితే చేతిలో ఉన్న పదేళ్ల వీసా దానంతటదే రద్దవుతుంది.

సామాను సంగతి. దుబాయ్‌లో ఉన్న తోడల్లుడి కోసం మసాలా పొడి, అందులో గసగసాలు. మన వంటింట్లో అది దినుసు, అరబ్ ఎమిరేట్స్‌లో నిషిద్ధ వస్తువు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ మాత్రలు కూడా అక్కడ నియంత్రణలో ఉన్నవే, ముందస్తు అనుమతి కావాలి. "చిన్న పొట్లం, ఎవరు చూస్తారు" అనేది సలహా కాదు. ప్రదర్శనకు తీసుకెళ్లి మళ్లీ తెచ్చుకునే యంత్రాలు, ఖరీదైన నమూనాలు ఉంటే వాటిని బట్టల మధ్య చుట్టి తీసుకెళ్లకండి. ఏటీఏ కార్నే అనే పత్రం మీద సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లొచ్చు. మన దేశంలో దాన్ని ఇచ్చేది ఫిక్కీ.

ఆఫ్రికాకు మందులు అమ్మడానికి, బోర్లు వేయించడానికి వెళ్లేవాళ్లకు చెప్పే మాట మరీ దారుణం: "ఎల్లో ఫీవర్ కార్డు ఎయిర్‌పోర్టులోనే ఎవరో ఒకరు ఇప్పిస్తారు." ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం పనిచేస్తుంది. ఆఫ్రికాలో దిగినప్పుడు ఎవరూ అడక్కపోవచ్చు. ఆ జ్వరం ఉన్న దేశం నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ప్రభుత్వమే అడుగుతుంది. కార్డు లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. టికెట్ కన్నా ముందు టీకాకు తేదీ తీసుకోండి.