తొక్కుకు ముక్కు మూసి, కిమ్చికి పర్సు తెరిచి!

మెదక్ కాలేజీ పిల్లలకు కొరియా గాలి సోకింది. సెల్‌ఫోన్లో కొరియా సీరియల్, గిన్నెలో బుల్డాక్ అనే కొరియా నూడుల్స్. ఘాటు మరీ ఎక్కువని 2024 జూన్‌లో డెన్మార్క్ వాటిలో మూడు రకాలను దుకాణాల నుంచి వెనక్కి రప్పించింది. ‘మిరప తొక్కుతో పెరిగినోళ్లం, మాకిదో లెక్కా?’ అంటున్నారు మనోళ్లు, కళ్లు, ముక్కు తుడుచుకుంటూ.

కియా కార్ల ఫ్యాక్టరీ ఉన్న పెనుకొండ వైపు కొరియా హోటళ్లు వెలిశాయంటే అర్థముంది. అక్కడ కొరియా ఉద్యోగులున్నారు. మెదక్‌కు కొరియా నుంచి వచ్చింది ఒక్క ఆకలే!

నానమ్మ తొక్కు జాడీ మూత తీస్తే ‘అబ్బా, వాసన’ అనే బాబు, ఉప్పు, కారం, వెల్లుల్లి పట్టించి పులియబెట్టిన క్యాబేజీకి, అదే కిమ్చికి మాత్రం ఫొటో తీసి మరీ డబ్బు కడతాడు. కొరియాలోని హోటళ్లలో కిమ్చిని భోజనంతో పాటు ఊరికే పెడతారు, అడిగితే మళ్లీ వడ్డిస్తారు, అచ్చం మన మెస్‌లో సాంబారులాగే. మన దేశానికొచ్చేసరికి కొన్నిచోట్ల దానికి విడిగా బిల్లు!

మెదక్‌లో కొరియా హోటల్ పెట్టాలనుకునే వారికి ఒకటే మనవి: రుచితో పాటు ఆ మారు వడ్డననూ దిగుమతి చేసుకోండి.