ఆ మాత్రం మనం చెయ్యలేమా!

గాజువాక ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటరు ముందు ఒకాయన ఉంటాడు. పేరేదైనా కావచ్చు. స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో ముప్పయ్యేళ్లు చేసి, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకుని, షెడ్డులో లేత్ మిషను పెట్టి అంబాసిడర్ కారుని ఎండలో నిలబెట్టిన మనిషి. "ఏటి బాబూ, ఈ బుష్‌కి పద్దెనిమిది వందలా? ఇందులో రబ్బరెంత?" అంటూ అరచేతిలోనే తూకం వేస్తాడు. వంద గ్రాములు కూడా లేదని తేలుస్తాడు. ఆ తర్వాత వచ్చే మాటతో ఈ జాతిని ఎక్కడున్నా పోల్చుకోవచ్చు: "ఆ మాత్రం మనం చెయ్యలేమా!"

చెయ్యగలడు, అనుమానమే లేదు. 1948లోనే జల ఉష ఓడను సముద్రంలోకి దింపిన ఊరు, ఉక్కు మా హక్కంటూ 1966లో రోడ్డెక్కి కొట్లాడిన ఊరు విశాఖ. ఇలాంటి చోట పనితనం ఉన్నవాడు పిసరంత ముక్క కోసం కౌంటరు దగ్గర జేబు తడుముకోవాలంటే అభిమానం అడ్డొస్తుంది. మన పేచీ ఆయన నేర్పుతో కాదు, లెక్కతో. ఇంట్లో చేసిన ముక్క చవక అంటాడే, అది ఒప్పుకోలేం.

ముక్క ధర దాని బరువులో ఉండదు. రబ్బరు బుష్ పుట్టాలంటే ముందు ఉక్కుతో మౌల్డ్ చెయ్యాలి. లక్ష బుష్‌లు తీస్తే ఆ ఖర్చు ఒక్కోదాని మీద నామమాత్రంగా పడుతుంది, రెండొందలు తీస్తే వీపు మీద పడుతుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దాని బుష్ అడిగేవాళ్లు తగ్గడమే తప్ప పెరగరు, అడిగేవాడొచ్చేదాకా షాపువాడి పెట్టుబడి అరలో దుమ్ము పట్టి ఉంటుంది. పైన జీఎస్టీ, 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దిగినా, ఉండనే ఉంది. ఈ సంగతి ఇంకెవరికి తెలియకపోయినా ఈయనకి తెలియాలి. ఏడాదికి 30 లక్షల టన్నుల ఉక్కు తీసేందుకని కట్టిన ప్లాంటులో జీతం తిన్నవాడు! కిలో ఉక్కు కోసం బ్లాస్ట్ ఫర్నేస్ ఎవడూ వెలిగించడు. ఈయన షెడ్డులో వెలిగేది మాత్రం అదే.

తొంగిచూస్తే తెలుస్తుంది. రబ్బరు బదులు నైలాన్ అని తీర్మానమైపోయింది. కావలసింది మూడంగుళాలు, షాపువాడు కోసి ఇవ్వనన్నాడని కడ్డీ మొత్తం వచ్చింది. చక్‌లో బిగించి తిప్పుతుంటే తెల్లటి చుట్టలు కాళ్ల దగ్గర పేరుకుంటాయి. మైక్రోమీటరు పెట్టి, "రెండు థౌ ఎక్కువుంది" అని మరో కోత వేస్తాడు. కోత వేడికి నైలాన్ ఉబ్బి ఉందన్న సంగతి అది చల్లారి వదులయ్యాక గానీ తట్టదు. మొదటిది చెత్తలోకి. రెండోది బోరులో గీత పడి పోయింది. మూడోది అతికినట్టు కూర్చుంది గానీ, నైలాన్ తేమ పీల్చే సరుకు, విశాఖ గాలిలో తేమకి కరువా? వానాకాలం వచ్చేసరికి బిగుసుకుని కిర్రుమంటుంది. పైగా దానికి రబ్బరుకున్న దయ లేదు. రోడ్డు మీది ప్రతి గుంతనీ వెనక సీట్లో ఉన్న ఇల్లాలి నడుముకి నేరుగా అప్పజెబుతుంది. ఖర్చు పుస్తకంలో మాత్రం మూడంగుళాల నైలానే ఉంటుంది. మిగిలిన కడ్డీ "స్టాకు", పాడైన ముక్కలు "ట్రయల్", విరిగిన టూల్ బిట్ "ఎప్పటికైనా విరిగేదే". కరెంటు ఎలాగూ ఇంటి బిల్లులో కలిసిపోతుంది.

రిటైరైనవాడి టైముకి ఖరీదేమిటి అంటారు ఆయన తరఫువాళ్లు. ఖరీదు లేనివాడు పక్కింటివాళ్లు గేటు గొళ్లెం చూడమంటే "ఈ వారం ఖాళీ లేదండీ" అని ఎందుకంటాడు? సరదాకి చేసుకుంటాడు, మంచిదే. సరదాని సరదా పద్దులోనే రాయాలి, ఆదా పద్దులో కాదు. ఇంకో వాదన మాత్రం గట్టిది: కొందామన్నా దొరకనివాటి మాటేమిటి? పాత పద్మిని కారుకి అద్దం దించే హ్యాండిల్, కాంటెస్సా తలుపు గొళ్లెం, ఉప్పుగాలికి తుప్పు తిని రాలిపోయిన బ్రాకెట్. అక్కడ పోల్చడానికి ధరే లేదు, కనుక ఆయన లెక్క తప్పే వీలూ లేదు. ఆ పనికి దండం పెట్టాల్సిందే. చిక్కల్లా, దొరికేదాన్ని కూడా దొరకనిదాని ఖాతాలో వెయ్యడమే.

తన లెక్క మీద తనకే పూర్తి నమ్మకం లేదనడానికి బ్రేకులే రుజువు. మాస్టర్ సిలిండర్ కిట్ దగ్గర బేరం ఉండదు, రబ్బరెంత అన్న ప్రశ్న ఉండదు. కంపెనీ సీలున్న పెట్టె, పక్కా బిల్లు అడిగి మరీ తీసుకుంటాడు. ఇంటికెళ్లాక పిస్టన్‌కి మైక్రోమీటరు పెట్టి మూడుచోట్ల కొలిచి, "పర్లేదు, బాగానే చేశాడు" అని ఆ కంపెనీవాడికి మార్కులు వేశాకే బిగిస్తాడు.