ఆదివారం పదకొండింటి ఇల్లు

హైదరాబాద్‌లో ఇల్లు ఎక్కడ కొనాలి, ఎలా కొనాలి అని చుట్టాలందరూ నన్నే అడుగుతారు. నేను రియల్ ఎస్టేట్ మనిషిని కాను. నాలుగేళ్ల కింద ఒక ఫ్లాటు కొన్నాను, అంతే. అయినా మన దగ్గర మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ప్రతివాడూ ఎముకల డాక్టరే కదా, ఆ లెక్కన నాకూ అర్హత ఉంది. పోయిన నెల మా షడ్డకుడు వరంగల్ నుంచి వచ్చి, "అన్నా, మాకూ ఒకటి చూడు" అన్నాడు. అతనికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందు చెప్తాను. ఇంటిని ఆదివారం పొద్దున పదకొండు గంటలకు చూడాలి. ఫిబ్రవరి నెలయితే మరీ మంచిది. ఆ టైముకి రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎండ మెత్తగా ఉంటుంది, నాలా వాసన ఇంకా లేవదు, పక్క సైటులో బండలు పగలగొట్టే మిషన్‌కి సెలవు. బిల్డర్ కారు పంపిస్తాడు. లోపల ఏసీ, చల్లటి నీళ్ల సీసా, ఒళ్లో బ్రోచర్. గచ్చిబౌలి నుంచి పదిహేను నిమిషాలని బ్రోచర్‌లో ఉంది, మాకు పద్దెనిమిది పట్టింది. ఆ మూడు నిమిషాలకి సేల్స్ అబ్బాయి సారీ కూడా చెప్పాడు. అంత నిజాయితీపరుల దగ్గర కొనకపోతే ఇంకెవరి దగ్గర కొంటాం? మా ఆవిడ మాత్రం "సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఒకసారి, వాన పడ్డ సాయంత్రం ఒకసారి వచ్చి చూద్దాం" అంది. పెళ్లిచూపులకి పోయేవాళ్లు ముందురోజు రాత్రి గోడ దూకి తొంగి చూస్తారా అని అడిగాను. ఫోన్ మ్యాపులో బయల్దేరే టైము సోమవారం ఎనిమిదిన్నర అని పెడితే ఎంతసేపు పడుతుందో చూపిస్తుందట. పొరపాటున కూడా అది నొక్కకండి. ఇప్పుడు నాకు ఆఫీసుకి గంటా పది నిమిషాలు పడుతోంది. అది ఇంటి తప్పు కాదు, సోమవారం తప్పు.

ఇక చెరువు. చెరువు కనబడే ఫ్లాటుకి చదరపు అడుగుకి మూడొందలు ఎక్కువన్నారు. ఇచ్చేయండి. తర్వాత చెరువే ఇంట్లోకి వస్తే దానికి మళ్లీ వసూలు చేయరు.

ఏరియా పేర్లు చూసి భయపడేవాళ్లున్నారు. పేరులో కుంట ఉంది, కట్ట ఉంది, చెరువు ఉంది అని. ఈ ఊళ్లో పేర్లని నమ్మితే బతకలేం. నల్లకుంటలో కుంట ఏదీ? తలాబ్ కట్టలో తలాబ్ ఏదీ? మాసాబ్ ట్యాంక్ అంటే కుతుబ్ షాహీల కాలంలో హయాత్ బక్షీ బేగం పేరు మీద, జనం నోట 'మా సాహెబా' పేరు మీద ఉన్న చెరువు. ఇప్పుడు మా సాహెబా లేదు, ట్యాంకూ లేదు, ఫ్లైఓవర్ ఉంది. చెరువులు పోయాయంటే పోయినట్టే. ఇవన్నీ గొలుసుకట్టు చెరువులనీ, పైది నిండితే నీళ్లు అలుగు దూకి కిందిదానిలోకీ, అట్లా ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ చివరికి మూసీలోకీ పోతాయనీ, దారిలో మనం ఇల్లు కట్టుకున్నా నీళ్లు ఆ దారినే వస్తాయనీ పాతకాలం వాళ్లు చెప్తుంటారు. మా ఆవిడా అదే అంది. "నీళ్లు చదువుకోలేదు, లేఅవుట్ కాపీ చూపించి వాటిని ఆపలేం" అని. ఆమెకి కాగితాల మీద గౌరవం తక్కువ.

చెరువు నిండా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతని ఎఫ్‌టీఎల్ అంటారు. దాని లోపల కట్టకూడదు. దాని బయట కూడా, చెరువు 25 ఎకరాలు దాటితే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. హెచ్ఎండీఏ వాళ్ల దగ్గర చెరువుల మ్యాపులుంటాయి, సర్వే నంబరు పట్టుకుని చూసుకోవచ్చు. చూసుకుంటే ఏమవుతుంది? ఇష్టపడ్డ ఇల్లు చేజారుతుంది. అందుకని వద్దు. ముఖ్యంగా ఆ వీధి చివర ఇస్త్రీ బండి ఆయనతోనూ, పాత కిరాణా కొట్టు ఆమెతోనూ మాట కలపకండి. 2020 అక్టోబర్ 13న నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లు గోడ మీద వేలు పెట్టి మరీ చూపిస్తారు. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి పడింది. ఆ వారంలోనే బాలాపూర్‌లో గుర్రం చెరువు కట్ట తెగి దిగువ బస్తీల మీద పడింది. ఇవన్నీ అరుదు. అన్నిటికన్నా పెద్దది 1908లో, సెప్టెంబర్ 28న, మూసీ పొంగి ఊరిని తుడిచిపెట్టినప్పుడు. అప్పుడు విశ్వేశ్వరయ్యగారు వచ్చి, ఎగువన వరద పట్టే జలాశయాలు కట్టాలన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. నీళ్లకి ఇల్లు కట్టడానికి పందొమ్మిదేళ్లు పట్టింది. నీళ్ల ఇంట్లో మన ఇల్లు కట్టడానికి మా బిల్డర్‌కి మూడేళ్లు చాలింది. ప్రగతి అంటే అదే.

2024లో హైడ్రా అని ఒకటి పెట్టారు. చెరువుల్లో కట్టినవాటిని కూల్చడానికి వాళ్ల బుల్డోజర్లు శని, ఆదివారాలు కూడా రావడం నాకు నచ్చలేదు. హైకోర్టుకి కూడా నచ్చలేదు. ఆదివారం పదకొండు గంటలు కొనేవాళ్ల టైము.

డబ్బు సంగతి చెప్పి ముందుకెళ్తాను. అప్పు 75 లక్షలు దాటితే బ్యాంకు ఇంటి ధరలో ముప్పావు వంతుకి మించి ఇవ్వదు. మిగతాది, దాని పైన రిజిస్ట్రేషన్ ఖర్చులు, ఇంకా కట్టుబడిలో ఉన్నదైతే జీఎస్టీ, మనమే చూసుకోవాలి. ఊళ్లో పొలం అమ్మండి. నేనదే చేశాను. మా నాన్న దున్నిన ఎకరం పది గుంటలు, ఊరి చెరువు కింద రెండు పంటలు పండే భూమి. ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలు, మొత్తం 6,050 గజాలు. అది పోయాక, అప్పు కూడా కలిపితే, నా ఫ్లాటుకి వచ్చిన భూమి వాటా 38 గజాలు. అక్కడ చెరువు కింద అమ్మి ఇక్కడ చెరువులో కొన్నావా అన్నాడు మా నాన్న. పెద్దవాళ్లకి పెట్టుబడి అర్థం కాదు.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, నిద్రొచ్చే సబ్జెక్టు. "ఇంకా రెరా నంబర్ రాలేదు సార్, అందుకే ఈ రేటు" అంటే వెంటనే చెక్కు రాయండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరాలో నమోదు కాకుండా అమ్మకానికి పెట్టకూడదనీ, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదనీ 2016 చట్టంలో ఉంది. చట్టాలు మంచివే, కానీ ఆఫర్ ఆదివారం సాయంత్రంతో అయిపోతుంది. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించడం, సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా చూడడం, కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఓసీ అడగడం, ఇవన్నీ ఎదుటివాణ్ని అనుమానించడం కిందికి వస్తాయి. టేపు కూడా తీసుకెళ్లకండి. నాది 1,850 చదరపు అడుగులు. లోపల కాళ్లు ఆనేది 1,300. మిగతా 550 ఎక్కడున్నాయని అడిగితే లిఫ్టులోనూ, మెట్ల మీదా, క్లబ్ హౌస్‌లోనూ ఉన్నాయన్నారు. ఖాళీ ఉన్నప్పుడు వెళ్లి కలిసి వస్తుంటాను.

వాస్తు మాత్రం వదలొద్దు. తూర్పు గుమ్మం చూసుకుని, మూఢం అయ్యేదాకా ఆగి మరీ కొన్నాను. తూర్పున బీ టవర్ లేచింది. గుమ్మం ఇప్పటికీ తూర్పుకే ఉంది, సూర్యుడే రావడం మానేశాడు.

బడి. దీని గురించి కొంచెం తీరిగ్గా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తెలివితక్కువ పని చేస్తారు. బడి ముందు చూసుకుని, పిల్ల నడిచిపోయేంత దూరంలో ఇల్లు వెతుకుతారు. అట్లా చేస్తే పాత కాలనీల్లో, పాతికేళ్ల నాటి అపార్టుమెంట్లలో, లిఫ్టు జాలీ తలుపు చప్పుడు చేసే చోట్ల తేలతారు. ముందు ఇల్లు కొనాలి, బడి అదే దొరుకుతుంది. హోర్డింగులున్నది దేనికి? ర్యాంకు పెద్దదిగా, పిల్లల ఫోటోలు చిన్నవిగా ఉన్న బడిని ఎంచుకోండి. ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్ ఉండాలి. పేరులో 'ఇంటర్నేషనల్' ఉండాలి, దేశం ఏదైనా ఫరవాలేదు.

బడికి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో సోఫా చూసుకుని వచ్చేయండి. ఆటస్థలం ఎక్కడని అడక్కండి, సెల్లార్‌లో చూపిస్తారు, కార్లు పక్కకి జరిపించి. పోయిన ఏడాది ఉన్న టీచర్లలో ఎంతమంది ఇంకా ఉన్నారని అడక్కండి. సెక్షన్‌కి ఎందరు పిల్లలని కూడా వద్దు. చిన్న క్లాసుల్లో ముప్పై మందికి ఒక టీచరు ఉండాలని విద్యా హక్కు చట్టంలో రాసి ఉంది, ఆ ముక్క ఎత్తితే వాళ్లు మనల్ని టీచర్ యూనియన్ మనిషనుకుంటారు. అదే చట్టం కింది నియమాల్లో చిన్నపిల్లలకి బడి కిలోమీటరు లోపు ఉండాలని కూడా ఉంది. రాసినవాళ్లకి స్టేటస్ తెలియదు. మా ఇంటికి నాలుగొందల మీటర్లలో సర్కారు బడి ఉంది, వేపచెట్టు ఉంది, పిల్లలు కబడ్డీ ఆడే చప్పుడు మా బాల్కనీకి వినిపిస్తుంది. మా అమ్మాయి ఆ చప్పుడు మొదలవకముందే ఆరూ నలభైకి బస్సెక్కుతుంది. దాని సంచీ బరువు పిల్ల బరువులో పదో వంతు మించకూడదని కేంద్రం విధానం ఒకటుంది. బస్సులో ఒళ్లో పెట్టుకుంటుంది కాబట్టి ఆ లెక్క మాకు వర్తించదని నా అభిప్రాయం. బస్సులో గంటసేపు నిద్రపోతుంది. "నాన్నా, నాకు బడిలో ఇష్టమైన చోటు కిటికీ సీటు" అంది ఒకరోజు. బడిలో అంటే బస్సులో అన్నమాట.

సేఫ్టీకి మా గేటెడ్ కమ్యూనిటీని మించింది లేదు. మూడు గేట్లు, 64 కెమెరాలు, ఎవరొచ్చినా ఫోన్లో ఓటీపీ. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు ఓటీపీ రాక నలభై నిమిషాలు గేటు దగ్గర పచ్చడి జాడీతో కూర్చుంది. అంత కట్టుదిట్టం. గేటు బయట సంగతి మనది కాదు. అక్కడ ఫుట్‌పాత్ లేదు, వీధి దీపాలు స్తంభాల దాకా వచ్చాయి, బల్బుల దాకా రాలేదు. కరివేపాకు కావాలన్నా ఆ రోడ్డు దాటాలి, కాబట్టి కారు తీస్తాం. మా ఆవిడ కొనకముందు అడిగింది, "రాత్రి తొమ్మిదిన్నరకి బస్టాపు నుంచి గేటు దాకా ఒక్కసారి నడుద్దాం" అని. ఆ టైములో ఆడవాళ్లు నడవదగ్గ రోడ్డు కాదు, వద్దన్నాను.

ఇంకొకటి చెప్పాలి, గొంతు తగ్గించి. 'మనవాళ్లు' ఎక్కువ ఉన్నారా అని బ్రోకర్‌ని అడగండి. చాలా మర్యాదగా, ఇంటిపేరు అడిగినట్టే అడగండి. అతనికి అర్థమవుతుంది. మా టవర్లో అందరూ మనవాళ్లేనన్నాడు. నిజమే. మొన్న అర్ధరాత్రి మా అమ్మాయికి జ్వరం నూట మూడు దాటితే, మందుల షాపు దాకా బండి మీద తీసుకెళ్లింది వాచ్‌మన్. మనవాళ్లు గ్రూపులో దండాల బొమ్మ పెట్టారు.

నీళ్లు ఇంకోరకంగా కూడా గుర్తొచ్చాయి. ఈత కొలనులో నీళ్లు తళతళలాడుతుంటే కుళాయిలో వస్తాయా అని అడగడం కుళ్లుబోతుతనం. మార్చి వచ్చేసరికి బోర్లు దమ్ము తీసుకుంటాయి, టాంకర్లు వస్తాయి. వానాకాలంలో సెల్లార్ నుంచి తోడి బయటికి పంపిస్తాం, ఎండాకాలంలో బయటి నుంచి కొనుక్కుంటాం. మెయింటెనెన్స్ బిల్లులో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

మా షడ్డకుడు అన్నీ విని, ఇంటికెళ్లి మా మరదలికి చెప్పాడట. ఇంకా ఫోన్ రాలేదు.

పోయిన ఆదివారం మా పై అంతస్తు ఫ్లాటు చూడడానికి ఒక జంట వచ్చింది, ఐదారేళ్ల పాపతో. ఆ ఫ్లాటాయన అమ్మేసి, పిల్లల బడి పక్కన ఏదో పాత అపార్టుమెంటుకి పోతున్నాడు, పాపం. అసోసియేషన్లో మేమంతా ఒక మాట అనుకున్నాం. ఎవరు అమ్మినా రేటు పడకూడదు, అందరి ఇల్లూ దాంతోనే. లిఫ్టు దగ్గర నన్ను చూసి ఆయన "ఎలా ఉందండీ ఇక్కడ?" అన్నాడు. వెనక గేటు దగ్గర టాంకర్ హారన్ కొట్టింది. అరగంట ఆపమని వాచ్‌మన్‌కి సైగ చేసి, గడియారం చూసుకున్నాను. పదకొండూ పది.

"బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. వాళ్లావిడ మాత్రం టాంకర్ వైపు చూస్తూ అంది, "రేపు పొద్దున ఎనిమిదిన్నరకి ఒకసారి వచ్చి చూడొచ్చా అండీ?"